బాటకూ ఒక హక్కు ఉంది

ఇస్లాం మనపై విధించిన హక్కులు రెండు విధాలు. ఒకటి అల్లాహ్ హక్కు, రెండవది ఆయన దాసుల హక్కు. నమాజు విడిచినవాడు, ఉపవాసం తప్పినవాడు నిజమైన పశ్చాత్తాపంతో మరలివస్తే అల్లాహ్ క్షమాశీలుడు. కాని తోటి మనిషికి కలిగించిన నష్టం సంగతి వేరు. ఆ మనిషి మన్నించనిదే ఆ ఖాతా మూసుకోదని మన పండితులు తరతరాలుగా బోధిస్తూ వచ్చారు.

దాసుల హక్కులు అనగానే మనకు ఎగవేసిన అప్పు, కాజేసిన ఆస్తి, తీసిన పరువు గుర్తుకువస్తాయి. కాలువలోకి తోసిన వ్యర్థాలు, బాటమీద కుళ్ళిన చెత్త గుర్తుకురావు. వాటివల్ల హాని పొందినవాడి ముఖం మనకు తెలియకపోవడమే ఇందుకు కారణం. మన గుమ్మం ముందు పారేసిన దానివల్ల నాలుగు వీధుల అవతల ఏ ఇంటి బిడ్డ మంచం పట్టాడో ఎవరికి తెలుసు? తెలియని మనిషిని వెతికి మన్నింపు కోరడం ఎలా? అందుకే ఈ పాపం చాలా చిన్నదిగా కనిపిస్తుంది గాని, తీర్చుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) బాటకు కూడా హక్కు ఉందని నేర్పారు. దారి పక్కన కూర్చునే అలవాటున్న సహచరులతో, కూర్చోక తప్పనప్పుడు బాట హక్కును చెల్లించమని చెప్పారు. చూపు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం ఆ హక్కులో భాగాలని వివరించారు. దారిలోని హానికరమైన వస్తువును తొలగించడాన్ని విశ్వాసపు శాఖల్లో ఒకటిగా లెక్కించారు. జనం నడిచే దారిలో, సేదతీరే నీడలో మలవిసర్జన చేసేవాడు శాపానికి గురవుతాడని హెచ్చరించారు. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేయరాదన్నారు. ఈ హదీసులు మన పిల్లలకు మక్తబ్‌లో మొదటి ఏడాదిలోనే కంఠస్థమవుతాయి. అయితే ఆ మక్తబ్‌కు వెళ్ళే దారి ఎలా ఉంటోంది?

మేము ఉండేది తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో. సుమారు వంద ఇళ్ళ మొహల్లా మాది. మస్జిద్ వెనుక వీధి చివర నాలుగు కోడిమాంసం దుకాణాలు, రెండు మేకమాంసం దుకాణాలు ఉన్నాయి. సాయంత్రం పూట తోపుడుబండి మీద చేపలు అమ్మే ఒక వితంతువు కూడా అక్కడే నిలబడుతుంది. దుకాణాల పక్కన ప్రహరీ లేని ఖాళీ స్థలం, దాని వెంట కప్పులేని మురుగు కాలువ. రాత్రి దుకాణాలు మూసే వేళకు ఈకలు, పేగులు, తలలు, చేపల పొలుసులు ఆ స్థలంలోకో కాలువలోకో చేరేవి. వాటికోసం కుక్కలు గుంపులుగా వచ్చేవి. తిండి దొరికే చోట కుక్కలు స్థిరపడతాయి, తమ చోటును కాపాడుకుంటాయి. ఇది ఎవరికీ కొత్త విషయం కాదు. కాని ఏదో ఒకటి జరిగేదాకా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

2024 వర్షాకాలంలో ఒకనాడు ఫజ్ర్ నమాజు తర్వాత మక్తబ్‌కు వెళ్తున్న ఎనిమిదేళ్ళ పిల్లవాడిని ఆ కుక్కల్లో ఒకటి పిక్క పట్టుకుని కరిచింది. వాడి తండ్రి ఆటో నడుపుతాడు. మొదటి సూది వేయించిన నాటి నుండి లెక్కపెట్టుకుని 3, 7, 28వ రోజుల్లో మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి తిప్పాడు. అల్లాహ్ దయవల్ల పిల్లవాడు క్షేమంగా ఉన్నాడు. కాని చాలా రోజులపాటు తండ్రి చేయి పట్టుకోనిదే గడప దాటలేదు. అదే నెలలో కాలువ పొంగి మస్జిద్ మెట్ల దాకా మురుగు వచ్చింది. వుజూ చేసుకుని శుభ్రమైన నమాజీలు ఆ మురుగులో అడుగుపెట్టకుండా లోపలికి వెళ్ళే దారి లేకపోయింది.

ఆ వారంలోనే ఇషా నమాజు తర్వాత మస్జిద్ వరండాలో మొహల్లా వాళ్ళమంతా సమావేశమయ్యాము. మహిళలు పక్క గదిలో కూర్చుని మాటలో మాట కలిపారు. మొదట మాట్లాడింది పెద్దవయసు చాచా ఒకరు. "బేటా, మనవాళ్ళ మీద మనమే దరఖాస్తు పెడదామా? రేపు ఇదే కాగితం పట్టుకుని ఎవరైనా వచ్చి, మాంసం దుకాణాలన్నీ మూసేయమంటే ఏం చేస్తారు? ఆరు కుటుంబాల రోజీ పోతుంది" అన్నారు. ఆ మాటలోని భయం నిజమైనదే. మన మొహల్లాల్లోని మురికిని మన మతానికి అంటగట్టి మాట్లాడేవారు లేకపోలేదు. ఆ నిందకు జడిసి మౌనంగా ఉండటం మనకు అలవాటైపోయింది. కాని ఆ మౌనం మూల్యం చెల్లించేది నింద వేసేవారు కాదు, మన పిల్లలే.

దీనికి ఇమామ్ సాహెబ్ బుఖారీ సంకలనంలోని ఓడ ఉపమానాన్ని గుర్తుచేశారు. ఓడలో కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు దక్కింది. కిందివాళ్ళు నీళ్ళ కోసం ప్రతిసారీ పైకి వెళ్ళి వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకని, తమ భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందామనుకున్నారు. పైవాళ్ళు వారించకపోతే అందరూ మునుగుతారు, చేయి పట్టుకుని ఆపితే అందరూ బ్రతుకుతారు. "రంధ్రం చేసేవాడు చెడ్డవాడని ప్రవక్త (స) చెప్పలేదు. అతనికి నీళ్ళు కావాలి, అంతే. అతన్ని ఆపండి, అతనికి నీళ్ళు కూడా అందేలా చూడండి" అన్నారు ఇమామ్ సాహెబ్. ఆ రాత్రి మా ఆలోచనకు దారి చూపింది ఈ మాటే.

కోడిమాంసం దుకాణదారుల్లో ఒకరు లేచి నిలబడ్డారు. "భాయ్, మేము లైసెన్సు రుసుము కడుతున్నాం. చెత్త బండి పొద్దున్నే వస్తుంది. మా దగ్గర వ్యర్థం పోగయ్యేది మధ్యాహ్నం తర్వాత. ఒకవేళ దాచి ఉంచినా, పేగులు చూసి బండి ఆపకుండా పోతారు. రాత్రంతా కొట్లో పెట్టుకుంటే వాసనకు గిరాకీ వస్తుందా? ఎక్కడ వేయాలో మీరే చెప్పండి" అని అడిగారు. జవాబు ఎవరి దగ్గరా లేదు.

జవాబు వెతికి తెచ్చింది మా మొహల్లాలో న్యాయశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలను ఆమె మాకు చదివి వినిపించింది. వ్యర్థాన్ని పుట్టించేవారెవరూ దాన్ని వీధిలోగాని, బహిరంగ స్థలంలోగాని, మురుగు కాలువలోగాని, చెరువులోగాని వేయరాదని, కాల్చరాదని, పూడ్చరాదని ఆ నియమాలు అప్పుడు చెప్పేవి. తడి చెత్త, పొడి చెత్త, ఇంటిలోని ప్రమాదకర చెత్త వేరు చేసి ఇవ్వాలని కూడా వాటిలో ఉండేది. అక్కడితో ఆమె ఆగలేదు. స్థానిక సంస్థ బాధ్యతలు చెప్పే చోట, కూరగాయల, మాంసం, కోళ్ళు, చేపల మార్కెట్ల నుండి వ్యర్థాలను ప్రతిరోజూ సేకరించాలని ఉన్న వాక్యాన్ని వేలు పెట్టి చూపించింది. అంటే నియమం దుకాణదారుడి చేతిని ఎంతగా పట్టుకుంటుందో, పురపాలక సంఘం చేతినీ అంతగానే పట్టుకుంటుంది. నియమాల్లో సగం మాత్రమే ఇంతకాలం మాకు వినిపించేది. రెండో సగాన్ని ఎవరూ చదివి చెప్పలేదు.

అందుకని మా దరఖాస్తు ఒకరి మీద ఫిర్యాదుగా వెళ్ళలేదు. దుకాణదారులు మూతలున్న డ్రమ్ములు కొనుక్కుంటామని, కాలువలో ఏమీ వేయమని సంతకం చేశారు. పురపాలక సంఘం రాత్రిపూట వ్యర్థాల బండి పంపాలని, కాలువపై పలకలు వేయాలని, ఖాళీ స్థలం యజమానికి నోటీసు ఇవ్వాలని మొహల్లా కోరింది. దుకాణదారులు, ఇళ్ళవాళ్ళు ఒకే కాగితం మీద సంతకాలు చేశారు. చాచా కూడా చేశారు.

కాగితం వెళ్ళిన పది రోజులకు పారిశుద్ధ్య విభాగం వారు వచ్చారు. వచ్చినవారు మొదట జరిమానా రాసింది చేపలమ్మే వితంతువుకు! ఆమెకు దుకాణం లేదు, రసీదు చదవడం రాదు, సిఫారసు చేసేవారు లేరు. కాలువ పలకల గురించి అడిగితే నిధులు లేవన్నారు. ఖాళీ స్థలం యజమాని పలుకుబడి ఉన్నవాడు గనక అతని ప్రస్తావనే రాలేదు. ఉన్నత వంశానికి చెందిన ఒక స్త్రీ దొంగతనం చేసినప్పుడు సిఫారసుకు వచ్చినవారిపై దైవప్రవక్త (స) ఎందుకు ఆగ్రహించారో మాకు ఆనాడు మరింత బాగా అర్థమైంది. గొప్పవాడు తప్పు చేస్తే వదిలేసి, బలహీనుడు చేస్తే శిక్షించినందువల్లనే పూర్వజాతులు నాశనమయ్యాయని ఆయన హెచ్చరించారు. చట్టం లేకపోవడం ఒక కీడు. చట్టం ఉండి, అది అందినవాడి మీదే పడటం అంతకన్నా పెద్ద కీడు. ఎందుకంటే అప్పుడు ప్రజలకు చట్టం మీదే అసహ్యం కలుగుతుంది. మేము చేపలమ్మే ఖాలాతో కలిసి కార్యాలయానికి వెళ్ళాము. జరిమానా తీసేయమని అడగలేదు. అదే కొలత అందరికీ వర్తింపజేయమని, ఆమెకు కూడా ఒక డ్రమ్ము, ఒక చోటు చూపించమని అడిగాము.

నిధులు లేవన్న మాట దగ్గర మనం కొంచెం ఆగాలి. ఇస్లామీయ పాలనలో బజారును, వీధిని పర్యవేక్షించే అధికారిని ముహ్తసిబ్ అనేవారు. ఆ వ్యవస్థకు హిస్బా అని పేరు. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా బజారు వ్యవహారాలు కొన్నిటిని షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) అనే విద్యావంతురాలికి అప్పగించేవారని కొన్ని జీవిత చరిత్ర గ్రంథాలు పేర్కొన్నాయి. 12వ శతాబ్దంలో ముహ్తసిబ్‌ల కోసం గ్రంథం రాసిన షైజరీ, కసాయి తన దుకాణం వాకిట్లో జంతువును కోయకుండా చూడాలని, రక్తంతో, పేడతో దారి పాడవుతుందని, వధ్యశాలలోనే కోయించాలని నిర్దేశించారు. రొట్టెల భట్టీలకు పొగ బయటికి పోయే వెడల్పైన గొట్టాలు ఉండాలన్నారు. పిండి పిసికేవాడు నోటికి గుడ్డ కట్టుకోవాలన్నారు. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా గడిచినా ఈ మాటలు మన వీధికోసమే రాసినట్లున్నాయి.

అంతకు ముందు 11వ శతాబ్దంలో మావర్దీ ఇంకా లోతైన విషయాలు రాశారు. ముహ్తసిబ్ బాహాటంగా కనిపించేదాన్నే వారించాలి గాని, ఇళ్ళలోకి తొంగిచూసి దాగినదాన్ని వెతకరాదన్నారు. పట్టణపు నీటి సరఫరా చెడిపోతే బైతుల్ మాల్‌లో ధనం ఉన్నంతవరకు దానితోనే బాగుచేయించాలని, ధనం లేనప్పుడు ఆ బాధ్యత పట్టణంలోని స్తోమత గలవారిపై పడుతుందని వివరించారు. ఖజానా ఖాళీ అయితే ఖర్చు పెట్టే చేయి మారుతుంది గాని, బాధ్యత రద్దు కాదన్నమాట.

ఇదే ప్రశ్న మన దేశ సర్వోన్నత న్యాయస్థానం ముందుకు కూడా వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు తెరచి ఉన్న మురుగు కాలువల కంపును, మద్యం కర్మాగారం నుండి పారే మలినాన్ని, మరుగుదొడ్లు లేక వీధులే మరుగుదొడ్లయిన దుస్థితిని భరించలేక మేజిస్ట్రేటును ఆశ్రయించారు. మేజిస్ట్రేటు పురపాలక సంఘానికి గడువు పెట్టి ఆదేశాలిచ్చారు. డబ్బు లేదంటూ పురపాలక సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1980 జూలై 29న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, మన తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి ఉన్న ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రజారోగ్యాన్ని కాపాడటం పురపాలక సంఘం ప్రాథమిక విధి అని, నిధుల లేమి ఆ విధి నుండి తప్పించుకునే సాకు కాజాలదని తేల్చింది. మావర్దీ గ్రంథానికి, ఆ తీర్పుకు మధ్య తొమ్మిది శతాబ్దాల దూరం ఉంది. కాని రెండూ ఒకే న్యాయం చెప్పాయి.

ఆ రత్లాం ప్రజలకు తోడ్పడిన చట్టనిబంధన నేటికీ ఉంది. నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షన్, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా కొనసాగుతోంది. బహిరంగ స్థలంలో ప్రజలకు బాధ కలిగించేదాన్ని, ఆరోగ్యానికి హానికరమైన వృత్తి నిర్వహణను తొలగించమని లేదా క్రమబద్ధం చేయమని కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. మన ప్రాంతంలో ఆర్డీవోకు ఆ అధికారం ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ ప్రజాబాధకాన్ని నిర్వచిస్తుంది. వేరే శిక్ష చెప్పని సందర్భాల్లో 292వ సెక్షన్ కింద పడే జరిమానా గరిష్ఠంగా 1,000 రూపాయలు మాత్రమే. కాబట్టి చట్టం బలం శిక్షలో లేదు, హానిని తొలగించమనే ఆదేశంలో ఉంది. మనం అడగవలసింది కూడా ఎవరినో శిక్షించమని కాదు, బాటను బాగుచేయమని.

మేము సోమవారం నాడు కలెక్టరేట్ ప్రజావాణిలో రెండవ దరఖాస్తు ఇచ్చాము. ఆర్డీవో కార్యాలయంలో మూడవది ఇచ్చాము. ప్రతిసారీ రసీదు తీసుకున్నాము, తేదీ రాసుకున్నాము, ఫొటోలు జతచేశాము. వెళ్ళినవారిలో దుకాణదారులు కూడా ఉండటం అధికారులను ఆశ్చర్యపరిచింది. నెలన్నరకు తనిఖీ జరిగింది. ఆ తర్వాత రాత్రి పది గంటలకు వ్యర్థాల బండి రావడం మొదలైంది. నాలుగు వారాలు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళాము, మళ్ళీ వచ్చింది. కాలువలో సగం దూరం పలకలు పడ్డాయి, మిగతా సగం ఇంకా తెరిచే ఉంది. ఖాళీ స్థలానికి ప్రహరీ రాలేదు గాని ముళ్ళకంచె వచ్చింది. కుక్కలు పూర్తిగా పోలేదు, గుంపులు మాత్రం తగ్గాయి. ఆరు దుకాణాల్లో ఒక్కటి కూడా మూతపడలేదు. చాచా భయపడినట్లు జరగలేదు. ఖాలా బండి ఇప్పుడు కూడా అదే మూలలో, పక్కన నీలిరంగు డ్రమ్ముతో నిలబడుతోంది.

2025 బక్రీద్ నాటికి ఈ అలవాటు మాకు అక్కరకొచ్చింది. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ వారు ఖుర్బానీ వ్యర్థాల కోసం సంచులు పంచి, ప్రత్యేకంగా వాహనాలు తిప్పడం మనకు తెలిసిందే. చిన్న పట్టణాల్లో ఆ ఏర్పాటు అడిగితేనే వస్తుంది. పండుగకు రెండు వారాల ముందే మస్జిద్ కమిటీ పేరున ఉత్తరం ఇచ్చాము. ఏ వీధి వ్యర్థాలు ఎక్కడ చేర్చాలో జుమా ఖుత్బాకు ముందు ప్రకటించాము. యువకులు మూడు రోజులూ వంతులవారీగా కాపలా ఉండి, రక్తం పారిన చోట నీళ్ళు కొట్టి సున్నం చల్లారు. ఖుర్బానీ అల్లాహ్ సాన్నిధ్యం కోసం. దాని పేగులు పక్కింటివాడి కిటికీ కింద కుళ్ళితే, ఆ ఆరాధన వాసన అతనికి ఎలా తెలుస్తుంది?

అయితే వీధిని సరిచేసినంత మాత్రాన ఇల్లు సరికాదు. డెంగీని వ్యాపింపజేసే దోమ మురుగు కాలువలో కన్నా మన ఇళ్ళలో నిలిచిన శుభ్రమైన నీటిలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. మేడమీది మూతలేని డ్రమ్ము, కూలరు, పూలకుండీ కింది పళ్ళెం, పాత టైరు దానికి చాలు. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి నీళ్ళు పారబోసి పాత్రలను ఆరబెట్టమంటారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశాఖ శుక్రవారాన్నే డ్రై డేగా పాటించమనడం మనకు ఎంత అనుకూలం! జుమా గుస్ల్ చేసే రోజున ఇంటి పాత్రలకు కూడా గుస్ల్ చేయించవచ్చు. ఈ పనిని పిల్లలకు అప్పగిస్తే వారు పెద్దలకన్నా శ్రద్ధగా చేస్తారు.

ప్రియ సోదర సోదరీమణులారా! మీ మొహల్లాలోనూ ఇలాంటి ఒక కాలువ, ఇలాంటి ఒక ఖాళీ స్థలం ఉండే ఉంటాయి. ముందుగా అక్కడ వ్యాపారం చేసుకునేవారితో కూర్చుని మాట్లాడండి. వారి ఇబ్బంది వినండి. నియమాన్ని పూర్తిగా చదవండి, మన మీద ఉన్న సగాన్ని పాటించి, అధికారుల మీద ఉన్న సగాన్ని అడగండి. కాగితం మీద అడగండి, కలిసి అడగండి, రసీదు తీసుకోండి, విసుగు చెందకండి. బలహీనుడి మీదే కొరడా పడుతుంటే అతని పక్కన నిలబడండి. చీపురు పట్టుకుని కాలువలోకి దిగే పారిశుద్ధ్య కార్మికులను మర్యాదగా పలకరించండి, చేతికి తొడుగులు ఉన్నాయో లేదో అడగండి. దారిలోని ముల్లును తీసే పుణ్యంలో మనకన్నా ముందున్నది వారే.

అల్లాహ్ మన హృదయాలను, మన ఇళ్ళను, మన బాటలను పరిశుద్ధంగా ఉంచుగాక! ముఖం తెలియని మన పొరుగువారెవరూ ప్రళయదినాన మనమీద హక్కుదారులుగా నిలబడని స్థితిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.